1 కొరింథీ 14:33లో ‘అల్లరి’కి గ్రీకు మాట ఏది? కన్‌ఫ్యూజన్ అంటే అదేనా?

వెన్నెల_కాకినాడ
అందరికీ వందనాలు. గ్రీకు తెలిసినవాళ్ళు కొంచెం సాయం చేయండి. మా చెల్లికి సంబంధం చూస్తున్నాం. అబ్బాయి మంచివాడే, కుటుంబం కూడా తెలిసినవాళ్ళే. కానీ చెల్లి ఇంకా ఎటూ తేల్చుకోలేకపోతోంది. మొన్న ఆదివారం ప్రసంగంలో అయ్యగారు "దేవుడు కన్‌ఫ్యూజన్‌కి కర్త కాడు. నీ మనసులో కన్‌ఫ్యూజన్ ఉందంటే ఆ పని దేవుని చిత్తం కాదని గుర్తు" అన్నారు. అమ్మ ఆ మాట పట్టుకుని సంబంధం వద్దని కబురు చేసేద్దాం అంటోంది. మా తెలుగు బైబిల్లో ఆ వచనం తీస్తే "దేవుడు సమాధానమునకే కర్త గాని అల్లరికి కర్త కాడు" అని ఉంది. అల్లరి ఎక్కడ, కన్‌ఫ్యూజన్ ఎక్కడ? అసలు గ్రీకులో ఏ మాట ఉంది?

గోలీసోడా
అల్లరికి కర్తలు మా ఇంట్లో ఇద్దరున్నారు. ఒకడు యూకేజీ, ఇంకొకడు రెండో తరగతి. సరే సరే, పెద్దలు వచ్చి చెప్పండి, నేను బెంచీ చివర కూర్చుని వింటాను.

బెరయ_శ్రోత
వెన్నెల గారూ, అక్కడున్న మాట ‘అకతస్తసియా’. దాన్ని విడదీస్తే ముందున్న ‘అ’ మన సంస్కృతంలో లాగే ‘లేదు’ అని చెప్పే అ. మిగిలినది ‘కతాస్తాసిస్’, అంటే కుదురు, ఏర్పాటు, ఒక ఊరికో రాజ్యానికో ఉండే వ్యవస్థ. దాని వెనక ‘నిలబెట్టడం, నియమించడం’ అనే క్రియ ఉంది. కాబట్టి అకతస్తసియా అంటే కుదురు తప్పిపోవడం. ఉన్నవేవీ ఉన్నచోట నిలవకపోవడం.

కొత్త నిబంధనలో ఈ నామవాచకం ఐదు చోట్ల వస్తుంది. లూకా 21:9లో యుద్ధాల పక్కన ‘కలహములు’ అని ఉంది చూడండి, అక్కడిది ఇదే. 2 కొరింథీ 6:5లో, ఆ పత్రికలు రాసిన అపొస్తలుడు పౌలు తాను పడ్డ కష్టాలు చెబుతూ దెబ్బలు, చెరసాలలు, ఆ తర్వాత అల్లరులు అంటాడు. అదీ ఇదే. అక్కడ మనసులో గజిబిజి అని చదివితే అర్థమే కుదరదు, జనం మీదపడి కొట్టడం గురించి మాట్లాడుతున్నాడాయన. 2 కొరింథీ 12:20లో కక్షలు, కొండేలు, గుసగుసల వరుసలో చివరగా వస్తుంది. యాకోబు 3:16లో మత్సరం, వివాదం ఉన్నచోట ఏముంటుందో చెప్పేటప్పుడు వస్తుంది. ఐదోది మీరడిగిన వచనం. ఐదింటిలో ఒక్కటి కూడా ఒక మనిషి ఒంటరిగా కూర్చుని ఎటూ తేల్చుకోలేకపోవడం గురించి కాదు. ప్రతిచోటా పదిమంది ఉన్నారు, గొడవ ఉంది.

బైబిలు బయట కూడా అంతే. క్రీ.పూ. రెండో శతాబ్దంలో పొలిబియస్ రాసిన చరిత్రలో, జీతాలు అందక తిరగబడిన కార్తేజి కిరాయి సైనికుల గొడవకి ఈ మాటే వాడాడు.

ఇక 14వ అధ్యాయం మొత్తం ఒక్కసారి చదవండి. కొరింథు సంఘంలో అందరూ ఒకేసారి, వినేవాళ్ళకు తెలియని భాషలు మాట్లాడుతున్నారు, ఒకేసారి ప్రవచిస్తున్నారు. పౌలు ఏం చెప్పాడు? భాషతో మాట్లాడేవాళ్ళు ఇద్దరు, మహా అయితే ముగ్గురు. అదీ వంతులవారీగా. అర్థం చెప్పేవాడు లేకపోతే ఊరుకోవాలి. కూర్చున్న ఇంకొకరికి ఏదైనా బయలుపడితే మాట్లాడుతున్నవాడు ఆపాలి. ఇదంతా మీటింగ్ ఎలా జరపాలన్న విషయం. ఆ మాటల వెంటనే 33వ వచనం వస్తుంది. అధ్యాయం చివర ‘సమస్తమును మర్యాదగాను క్రమముగాను’ అని ముగిస్తాడు. పెళ్ళిసంబంధాల సంగతి అక్కడ లేదు.

ఇంకో చిన్న సంగతి. గ్రీకులో ‘కర్త’ అనే మాట లేదు. మాటకు మాట పెడితే "దేవుడు అకతస్తసియాకి చెందినవాడు కాడు, సమాధానానికి చెందినవాడు" అని వస్తుంది. కర్త అన్నది వాక్యం నడవడానికి అనువాదకులు చేర్చింది. 1611 నాటి ఇంగ్లీషు అనువాదం కింగ్ జేమ్స్ బైబిలు వాళ్ళు కూడా అలాగే చేర్చారు. చేర్చిన మాట అని తెలిసేలా ఇప్పటి ప్రతుల్లో దాన్ని వాలు అక్షరాల్లో అచ్చువేస్తారు.

నిఘంటు_పిచ్చి
నేను క్రైస్తవుణ్ణి కాను, మాటల మీద పిచ్చితో ఇక్కడ తిరుగుతుంటాను. బెరయ గారు చెప్పినదానికి తెలుగు వైపు నుంచి ఒక మాట. అల్లరి అనగానే ఇప్పుడు మనకు పిల్లలే గుర్తొస్తారు. కానీ పత్రికలు ఇప్పటికీ ‘అల్లరిమూకలు’ అని రాస్తాయి, అక్కడ బస్సులు తగలబెట్టేవాళ్ళని అర్థం. బైబిలు అల్లరి ఆ అల్లరే. పాత అనువాదకులు మాట బాగానే ఎంచుకున్నారు. మాటే ఈ వందేళ్ళలో మెత్తబడి యూకేజీలో చేరింది.

ఇంకొకటి. కతాస్తాసిస్ లోని ‘స్తా’ వేరు, సంస్కృతంలో ‘స్థా’ ధాతువు ఒకే మూలం నుంచి వచ్చినవి. స్థానం, స్థితి, సంస్థ, వ్యవస్థ అన్నీ ఆ ఇంటివే. అకతస్తసియాకి ఎవరైనా నన్ను తెలుగు మాట అడిగితే ‘అవ్యవస్థ’ అంటాను. చుట్టరికం కూడా కుదిరింది.

సహోదరుడు77
ప్రైజ్ ది లార్డ్. గ్రీకు అందరికీ తెలియదు కాబట్టి దైవజనులు చెప్పింది తప్పు అని తేల్చేయడం సులువు. యాకోబు 1:8 చదవండి. ద్విమనస్కుడు తన సమస్త మార్గములయందు అస్థిరుడు. అక్కడ గ్రీకులో ఏ మాట ఉందో చెప్పండి బెరయ_శ్రోత బ్రదర్. అదే కుటుంబం మాట కదా? అది మనసు గురించే కదా? మరి అయ్యగారు అన్నదాంట్లో తప్పేముంది? ఈ మధ్య ఫోన్‌లో ఒక గ్రీకు యాప్ వేసుకున్న ప్రతివాడూ ప్రసంగాలు దిద్దడం మొదలుపెట్టాడు.

మోడరేటర్
మాట మీద మాట్లాడదాం, మనుషుల మీద వద్దు. ఏ సంఘం, ఏ అయ్యగారు అని ఎవరూ అడగొద్దు, వెన్నెల గారు చెప్పొద్దు కూడా. చర్చ బాగుంది, సాగనివ్వండి.

బెరయ_శ్రోత
సహోదరుడు గారూ, మీరు పట్టుకున్న వచనం సరైనదే, దాన్ని పక్కన పెట్టి వెళ్ళడం కుదరదు. యాకోబు 1:8లో ఉన్నది ‘అకతాస్తతోస్’, ఇదే మాటకు విశేషణం. పక్కనే ‘దిప్సుఖోస్’, అంటే రెండు మనసులవాడు. నిఘంటు_పిచ్చి గారు సంతోషిస్తారు, మన అనువాదకులు అక్కడ ‘అస్థిరుడు’ అని పెట్టారు. అది కూడా స్థా ఇంటి మాటే.

కానీ ఆ వచనానికి ముందున్న మూడు వచనాలు చూడండి. అయిదో వచనంలో, జ్ఞానం కొదువగా ఉన్నవాడు దేవుణ్ణి అడగాలి, ఆయన ఎవరినీ గద్దించకుండా ఇస్తాడు అని ఉంది. అంటే ఏం చేయాలో తెలియకపోవడం అక్కడ తప్పు కానే కాదు, ప్రార్థన మొదలయ్యేదే అక్కడి నుంచి. తప్పు ఎక్కడంటే, అడిగి మళ్ళీ నమ్మక, గాలికి కొట్టుకుపోయే సముద్ర తరంగంలా ఊగడం. ఆ ఊగిసలాట దేవుడి విషయంలో. పెళ్ళికొడుకు విషయంలో కాదు.

ఇంకా ముఖ్యమైనది, ఆ వచనం కూడా "నీకు సందేహం వచ్చింది కాబట్టి ఆ పని దేవుని చిత్తం కాదు" అని చెప్పడం లేదు. ఆ సూత్రం ఆ రెండు వచనాల్లో ఎందులోనూ లేదు. ఇంగ్లీషు ‘కన్‌ఫ్యూజన్’ అనే మాటే దాన్ని మోసుకొచ్చింది. 1611 నాటి ఇంగ్లీషులో ఆ మాట ముందుగా గందరగోళాన్ని, నాశనాన్ని, సిగ్గుపడడాన్ని చెప్పేది. కీర్తన 71:1లో కింగ్ జేమ్స్ వాళ్ళు కన్‌ఫ్యూజన్ అన్నచోట మన బైబిల్లో ‘సిగ్గుపడనియ్యకుము’ అని ఉంటుంది. ఇప్పుడు మనం "సారీ, కొంచెం కన్‌ఫ్యూజ్ అయ్యాను" అంటాం. ఈ కొత్త అర్థాన్ని తీసుకెళ్ళి ఆ పాత వచనంలో పెడితే పౌలు చెప్పనిది పౌలు నోట్లో పెట్టినట్టవుతుంది. అయ్యగారు కావాలని చేశారని నేను అనడం లేదు, ఇంగ్లీషు ప్రసంగాల్లో ఈ వాడుక ఎప్పటినుంచో ఉంది.

వెన్నెల_కాకినాడ
చాలా థాంక్స్ అండీ. ఇంకో డౌట్. సండే స్కూల్లో మాకు బాబెలు అంటేనే కన్‌ఫ్యూజన్ అని నేర్పారు. "భాషను తారుమారుచేసెను" అని ఉంది కదా. అక్కడా ఇదే అకతస్తసియానా?

నిఘంటు_పిచ్చి
కాదండీ, అక్కడిది వేరే మాట. నాకు ఇష్టమైనది కూడా అదే. ఆదికాండం హెబ్రీలో ఉన్నా, క్రీ.పూ. మూడో శతాబ్దం నుంచి అలెగ్జాండ్రియాలో యూదులు దాన్ని గ్రీకులోకి తెచ్చారు, సెప్టువజింట్ అంటారు. హెబ్రీలో ‘బాబెల్’ అనే ఊరి పేరుకీ ‘బాలల్’ అనే క్రియకీ మధ్య మాటల ఆట ఉంది. బాలల్ అంటే కలపడం. లేవీయకాండంలో నైవేద్యపు పిండిని నూనెతో కలిపేదానికి వాడింది ఇదే క్రియ. నిజానికి బబులోనువాళ్ళు తమ ఊరిని ‘బాబ్-ఇలి’, దేవుని ద్వారం అనుకున్నారు. హెబ్రీ కథకుడు దాన్ని ‘కలగలుపు’ అని ఎగతాళిగా తిప్పాడు.

గ్రీకులోకి తెచ్చేటప్పుడు ఈ ఆట నిలవదు. బాబెల్‌కి, గ్రీకు క్రియకి శబ్దం కలవదు కదా. అందుకని ఆ అనువాదకులు ధైర్యం చేసి ఊరి పేరునే అనువదించేశారు. సెప్టువజింట్‌లో ఆదికాండం 11:9లో ఆ ఊరి పేరు బాబెలు కాదు, ‘సుంఖుసిస్’! మనవాళ్ళు బాబెలు తీసేసి ఊరి పేరు ‘తారుమారు’ అని రాస్తే ఎలా ఉంటుందో అలా.

ఇక సుంఖుసిస్ పుట్టుక. ‘సున్’ అంటే కూడా, కలిపి. ‘ఖేఓ’ అంటే పోయడం. అన్నీ ఒకేచోట కలిపి పోసెయ్యడం సుంఖుసిస్. గ్రీకు కవి హోమర్ కాలానికే ఈ జంట ఉంది. ఇలియడ్ నాలుగో భాగంలో ట్రాయ్‌వాళ్ళు సంధి ప్రమాణాలను భంగం చేస్తే, ప్రమాణాలను ‘కలిపి పోశారు’ అంటాడు. ఆ భాగానికి పాతకాలం నుంచి ఉన్న పేరే ‘ప్రమాణాల సుంఖుసిస్’. లాటిన్‌లో పోయడానికి ‘ఫుందెరె’. దాని ముందు ‘కాన్’ చేర్చి ‘కన్‌ఫూసియో’ అన్నారు, అచ్చం అదే కట్టు. ఇంగ్లీషు కన్‌ఫ్యూజన్ దాని మనవరాలు.

ఇప్పుడు మన ఇంటికి రండి. గ్రీకు ఖేఓ, లాటిన్ ఫుందెరె, సంస్కృతం ‘హు’ ధాతువు (జుహోతి), మూడూ ఒకే పాత ధాతువు పిల్లలని భాషాశాస్త్రం చెబుతుంది. నిప్పులో నెయ్యి పోయడం హోమం. పోసేది హవిస్సు. పోసిన వంతు ఆహుతి. పురోహితుడు చేసే హోమం అనే మాటా, కన్‌ఫ్యూజన్ అనే మాటా దూరపు దాయాదులు.

గోలీసోడా
అంటే హోమగుండం ముందు కూర్చుని నాకేమీ అర్థం కాకపోవడానికి వ్యుత్పత్తి ఆధారం ఉందన్నమాట.

ఆస్టిన్_ఆవకాయ
మంచి చర్చ. మరి కేయాస్? అది కూడా ఈ ‘ఖేఓ’ నుంచేనా? ఖ, ఖ కలిశాయి కాబట్టి అడుగుతున్నా.

నిఘంటు_పిచ్చి
కాదు. ‘ఖాఓస్’ నోరు తెరుచుకున్న అగాధం, ఆవలించడం అనే మాటకు బంధువు. మీకొచ్చిన ఆలోచనే పాత గ్రీకు తత్త్వవేత్తల్లో స్టోయిక్ అనే శాఖకు గురువు జీనోకి వచ్చిందట, పోయడం నుంచి పుట్టిందనుకుని ఖాఓస్ అంటే నీళ్ళు అన్నాడు. ఇప్పటివాళ్ళు ఒప్పుకోరు. బైబిలు సంగతికొస్తే, కొత్త నిబంధనలో ఆ మాట లేదు. సెప్టువజింట్‌లో మీకా 1:6, జెకర్యా 14:4లలో ఉంది, అక్కడా ‘లోయ’ అనే అర్థంలోనే. లూకా 16లో ధనవంతుడికీ లాజరుకీ మధ్య ఉన్న ‘మహా అగాధం’ మాత్రం దీని చెల్లెలు ‘ఖాస్మా’.

డాక్టరమ్మ
కంటి డాక్టర్లకు సుంఖుసిస్ పాత నేస్తం. ‘సింకిసిస్ సింటిల్లాన్స్’ అని ఒక పరిస్థితి ఉంది. కంటి లోపలి జెల్లీ లాంటి విట్రియస్ నీరుగారి, అందులో కొలెస్ట్రాల్ స్ఫటికాలు తేలుతూ మెరుస్తాయి. కన్ను కదిలిస్తే బంగారు రజను చల్లినట్టు లేచి మళ్ళీ కిందకి దిగుతాయి. చదువుకునేటప్పుడు సింకిసిస్ అంటే మెరుపు అనుకునేవాళ్ళం. మెరుపు సింటిల్లాన్స్, నీరుగారడం సింకిసిస్. ట్రాన్స్‌ఫ్యూజన్, ఇన్‌ఫ్యూజన్‌లలో ఉన్నది మీరు చెప్పిన లాటిన్ పోయడమే కదండీ? రోజూ రాస్తున్నాం, ఎప్పుడూ తట్టలేదు.

బెరయ_శ్రోత
సుంఖుసిస్ కొత్త నిబంధనలో నామవాచకంగా ఒకే ఒక్కసారి వస్తుంది, అపొస్తలుల కార్యములు 19:29. ఎఫెసులో. అది ఎంత బాగుంటుందో, కొంచెం చెప్పనివ్వండి.

దేమేత్రి అనే కంసాలి అర్తెమిదేవికి వెండి గుళ్ళు చేయించి వ్యాపారం చేసేవాడు. పౌలు బోధ వల్ల బేరం పడిపోతోందని తోటి పనివాళ్ళను రెచ్చగొట్టాడు. "పట్టణము బహు గలిబిలిగా ఉండెను" అని మన బైబిల్లో ఉన్నది ఈ సుంఖుసిసే. అందరూ నాటకశాలలోకి తోసుకుపోయారు. ఆ నాటకశాల ఇప్పటికీ టర్కీలో సెల్చుక్ దగ్గర ఉంది, సుమారు 25 వేలమంది పట్టేది. 32వ వచనంలో ఆ పుస్తకం రాసిన లూకా ఒక చురక వేస్తాడు. కొందరు ఒకటి, కొందరు ఇంకొకటి అరుస్తున్నారు, "తామెందు నిమిత్తము కూడుకొనిరో చాలమందికి తెలియలేదు". ఆ వచనంలో సభకి వాడింది అదే క్రియ, ‘కలిపి పోయబడిన’ సభ. ఈ చురక చదివినప్పుడల్లా నాకు మా ఊరి ధర్నాలు గుర్తొస్తాయి. రెండు గంటలు "ఎఫెసీయుల అర్తెమిదేవి మహాదేవి" అని అరిచాక ఊరి ‘కరణము’ వచ్చి సముదాయిస్తాడు. గ్రీకులో ఆయన ‘గ్రమ్మతేవుస్’, పట్టణ కార్యదర్శి. తెలుగు చేసినవాళ్ళకి లెక్కలూ దస్తావేజులూ చూసే మనిషంటే కరణమే.

క్రియగా అయితే లూకా దీన్ని ఇంకా వాడతాడు. దమస్కులో సౌలు (పౌలే) యూదులను ‘కలవరపరచెను’ అన్నచోట, యెరూషలేమంతా గలిబిలి అయిన 21వ అధ్యాయంలో. అన్నిటికంటే ముఖ్యం 2:6. పెంతెకొస్తు రోజు ఎవరి భాషలో వాళ్ళకి మాటలు వినబడితే జనం ‘కలవరపడ్డారు’. అది బాబెలు క్రియే. సెప్టువజింట్ ఆదికాండం 11లో దేవుడు భాషను కలిపి పోశాడు, ఎవరి మాట ఎవరికీ తెలియలేదు. కార్యములు 2లో అందరికీ తెలిసిపోయింది, అందుకే కలవరం. లూకా సెప్టువజింట్‌ను ఎంత వాడాడో చూస్తే ఇది యాదృచ్ఛికం అని నేను అనుకోను. తెలుగులో ఒకచోట తారుమారు, ఒకచోట కలవరం, ఇంకోచోట గలిబిలి అయ్యేసరికి ఈ దారం మనకు కనబడదు.

తెల్లకాగితం
మరి మూడుచోట్లా సరిపోయేలా ‘కలగాపులగం’ పెట్టొచ్చుగా? కలిపి పోయడం అనే అర్థం కూడా వస్తుంది.

నిఘంటు_పిచ్చి
బాగుంది కానీ ఫిలో ఒప్పుకోడు! ఫిలో అలెగ్జాండ్రియా యూదు తత్త్వవేత్త, యేసు కాలంవాడే. ఈ బాబెలు కథ మీదే ఒక పుస్తకం రాశాడు, పేరు ‘భాషల సుంఖుసిస్ గురించి’. అందులో స్టోయిక్‌ల దగ్గర నేర్చుకున్న తేడాలు చెబుతాడు. పొడి వస్తువులు పక్కపక్కనే చేరితే ‘మిక్సిస్’. ద్రవాలు ఒకదానిలో ఒకటి కలిస్తే ‘క్రాసిస్’, అక్కడ కూడా వేటి గుణాలు వాటికి మిగిలే ఉంటాయి. సుంఖుసిస్ వీటికంటే ముదిరిన దశ. కలిసిన వస్తువుల గుణాలన్నీ చచ్చిపోయి కొత్తది పుడుతుంది. ఉదాహరణగా మైనం, కొవ్వు, తారు, గుగ్గిలం కలిపి కాచిన ‘తెత్రఫార్మకోన్’ అనే మందు చెబుతాడు. తయారయ్యాక ఆ నాలుగింటినీ మళ్ళీ విడదీయలేం. పులగంలో బియ్యం ఏదో పెసరపప్పు ఏదో కనబడుతూనే ఉంటాయి కాబట్టి అది మిక్సిస్ దాకానే.

ఇంతకీ ఫిలో అడిగిన ప్రశ్న పదునైనది. ఒక భాష చీలి అనేక భాషలైతే దాన్ని విడదీయడం అనాలి గాని కలిపేయడం అంటారా? విడిపోయినవి కలగలిసినవి ఎలా అవుతాయి? అందుకని, ఇక్కడ మోషే చెప్పేది భాషల పుట్టుక కాదు, దేవుడు చెడుగుణాల మూకను కరిగించి పనికిరాకుండా చేయడం అని తన తాత్త్విక అర్థం తీస్తాడు. ఆయన జవాబు నాకు అతకలేదు కానీ ప్రశ్న మాత్రం అతికింది.

సహోదరుడు77
చదివాను. ఎఫెసు సంగతి బాగా చెప్పారు బ్రదర్. ఒక్కటి మాత్రం తేలలేదు. అకతస్తసియా బయటి గొడవ, సుంఖుసిస్ కలగలుపు. సరే. మనిషికి లోపల ఏం చేయాలో తోచనితనం ఉంటుంది కదా, ఇప్పుడు అందరూ కన్‌ఫ్యూజన్ అనేది. దానికి బైబిలు గ్రీకులో మాటే లేదా? ఉంటే దేవుని వాక్యం దాన్ని గురించి ఏమంటోంది?

బెరయ_శ్రోత
ఉంది. ఈ దారంలో అడగాల్సిన అసలు ప్రశ్న మీరే అడిగారు. ఆ మాట ‘అపోరియా’. ‘పోరోస్’ అంటే దాటే దారి, రేవు. ముందు మళ్ళీ ఆ ‘అ’. దారి లేకపోవడం. నామవాచకం కొత్త నిబంధనలో ఒక్కచోటే ఉంది, లూకా 21:25. అదే అధ్యాయంలో 9వ వచనంలో అకతస్తసియా ఉందని పైన చెప్పాను. ఒకే అధ్యాయంలో లూకా రెండు మాటలూ వేర్వేరుగా వాడాడు.

క్రియ రూపం ఎవరెవరికి వాడారో చూడండి. తనను ఒకడు అప్పగిస్తాడని యేసు అన్నప్పుడు శిష్యులకి (యోహాను 13:22). ఖాళీ సమాధి దగ్గర స్త్రీలకి (లూకా 24:4). గలతీ 4:20లో పౌలు తన గురించి తానే "మిమ్మునుగూర్చి యెటుతోచక యున్నాను" అంటాడు. మన తెలుగులో ‘యెటుతోచక’ ఎంత చక్కగా పడిందో! అపొస్తలుడికే తోచలేదు, ఆ మాట పత్రికలో రాసి పంపాడు. అది దేవుని చిత్తం కాదు కాబట్టి గలతీ సంఘాన్ని వదిలేస్తున్నానని ఎక్కడా అనలేదు.

2 కొరింథీ 4:8 ఇంకా బాగుంటుంది. గ్రీకులో పౌలు ఆ క్రియనే రెండుసార్లు తిప్పి ఆడతాడు, ‘అపొరూమెనోయ్’ కానీ ‘ఎక్సపొరూమెనోయ్’ కాము అని. దారి తెలియడం లేదు, కానీ దారులన్నీ మూసుకుపోలేదు అని దాని భావం. మన అనువాదకులు "అపాయములో నున్నను కేవలము ఉపాయము లేనివారము కాము" అన్నారు. అపాయం, ఉపాయం! అర్థం కొంచెం జరిగినా ఆటను తెలుగులోకి తెచ్చేశారు. ఇది ఎవరు చేశారో గాని చేతులు జోడించాలి.

లిమస్సోల్_లక్ష్మి
నేను సైప్రస్‌లో చదువుకుంటూ పార్ట్ టైమ్ పని చేస్తున్నాను. ఈ మాటలన్నీ ఇక్కడ రోజూ వినబడతాయి, మీరు రాసింది చదివి నవ్వొచ్చింది. మా ఇంటి ఓనరు ఆంటీ మా గది తలుపు తీయగానే "అకతస్తసీయ!" అంటుంది. బట్టలు, గిన్నెలు ఎక్కడివక్కడ పడి ఉన్నాయని తిట్టడం. ‘సింఖిసి’ అంటే గాభరా, మనసు చెడడం. ఎవరైనా చెడ్డ వార్త చెబితే పెద్దవాళ్ళు సింఖిసి అయ్యిందంటారు. ‘అపొరియా’ అయితే క్లాసులో. "ఎఖో మియా అపొరియా" అంటే నాకో డౌట్ ఉంది అని. టీచరు సంతోషంగా చెప్పు అంటుంది.

వెన్నెల_కాకినాడ
నా చెల్లికి ఉన్నది అపోరియా అన్నమాట. బెరయ గారు చెప్పిన వచనాలు వాట్సాప్‌లో దానికి పంపాను. అబ్బాయితో ఇంకోసారి మాట్లాడతానంది, అడగాల్సినవి ఓ కాగితం మీద రాసుకుంటోంది. అమ్మకి మాత్రం గ్రీకు చెప్పలేను, 14వ అధ్యాయం మొదటి నుంచి చదివి వినిపిస్తాను.

సహోదరుడు77
అమ్మగారికి చదివేటప్పుడు యాకోబు 1:5 కూడా కలిపి చదవండి సిస్టర్. ప్రార్థనలో పెడతాను. అయ్యగారితో కూడా ఒకసారి నిదానంగా మాట్లాడండి, ఆయన వింటారు అనుకుంటాను.

ఆస్టిన్_ఆవకాయ
చివరగా ఒక్కటి. స్తా అంటే నిలబడడం అన్నారు. కార్యములు 19:40లో కరణం "ఈ అల్లరిని గూర్చి విచారణ" అంటాడు కదా, ఇంటర్‌లీనియర్‌లో (గ్రీకు మాట కింద దాని అర్థం వేసిన బైబిలు) చూస్తే అక్కడ ‘స్తాసిస్’ అని ఉంది. నిలబడడం అల్లరి ఎలా అయింది? పైగా అకతస్తసియాలో ముందు ‘అ’ ఉంది, ఇందులో లేదు. రెండూ అల్లరేనా?

లిమస్సోల్_లక్ష్మి
అయ్యో, మా బస్సులో ‘స్తాసి’ అంటే స్టాపు! "తర్వాతి స్తాసి" అని మైకులో చెబుతుంది.

బెరయ_శ్రోత
రెండూ నిజమే. స్తాసిస్ అంటే మొదట నిలబడడం, నిలబడే చోటు. మీ బస్ స్టాప్ అక్కడిది. పాత గ్రీకు నగరాల్లో ఒక పక్షం ఇంకో పక్షానికి ఎదురు నిలబడితే అదీ స్తాసిసే. అలా ముఠా తగాదా, తిరుగుబాటు అనే అర్థం వచ్చింది. కరణం ఆ మాట వాడడంలో తెలివి ఉంది. రోమా అధికారుల చెవిన స్తాసిస్ అనే మాట పడితే అది రాజద్రోహం కేసు, ఊరికి ఉన్న హక్కులు పోతాయి. అందుకే జనం కిక్కురుమనకుండా ఇళ్ళకు పోయారు. అకతస్తసియాలో ‘అ’ కొట్టేసింది స్తాసిస్‌ని కాదు, ‘కతాస్తాసిస్’ని, అంటే కుదురుగా నిలిపిన ఏర్పాటుని. ఒకటి ఎదురు తిరిగి నిలబడడం, ఇంకొకటి ఏదీ నిలవకపోవడం. ఆ అధ్యాయంలోనే 23వ వచనంలో ఇంకో అల్లరి ఉంది, అది ‘తారఖోస్’, కలతపడ్డ నీళ్ళ లాంటి అలజడి. 20:1లో అణిగిన అల్లరి ‘థోరుబోస్’, అది అరుపుల గోల. తెలుగులో నాలుగింటికీ అల్లరి ఒక్కటే. మీ ఇంటర్‌లీనియర్‌లో వరుసగా చూసుకోండి, ఇంకేదైనా తేడా కనబడితే ఇక్కడే రాయండి.